ఎర్రనేల నీళ్ళు

తొర్రికనుమలో మొదటి పొగకుక్క నా ముందెద్దు మీదికి దూకేసరికి తూర్పు ఇంకా పూర్తిగా తెల్లబడలేదు.

ఇరుకు దారి. రెండు పక్కలా తాటిచెట్టు ఎత్తున ఎర్రరాతి గోడలు. వెనక్కి తిరగడానికి చోటు లేదు. ఎద్దు వెనక ఎద్దుగా పద్దెనిమిది పెరికెద్దులు నడుస్తున్నాయి. పద్నాలుగింటి మీద, ఉప్పు బస్తాల నడుమ, ధూమగిరి రాజ్యం నుంచి ప్రాణాలు అరచేత పెట్టుకుని వచ్చిన పద్నాలుగు మంది. మిగిలిన నాలుగింటి మీద నీళ్ళ తిత్తులు.

కుక్క అన్నాను గాని దానికి ఒళ్ళు లేదు. ఉన్నదంతా పొగ. పళ్ళు మాత్రం ఇనుము. ధూమగిరి సింహాసనం ఎక్కిన మాంత్రికుడు భస్మాక్షుడు తన కొలిమిలో వాటిని పుట్టించి, పారిపోయిన వాళ్ళ వెనక వదులుతాడు.

నా ఎద్దులు తోలే బుడ్డప్ప కత్తి దూసి ఒక్క వేటు వేశాడు. కుక్క రెండు ముక్కలైంది. ఆ ముక్కలు గాలిలోనే అతుక్కుని మళ్ళీ ఒక్క కుక్కయి మొరిగింది.

"సెట్టిగారూ, ఇది చావదు సామీ! నా కత్తే సిగ్గుతో చస్తాది!"

"కత్తి లోపల పెట్టు. ఆ బస్తా మూతి విప్పు!"

"ఉప్పా? కుక్కని ఊరగాయ పెడతామా?"

"విప్పరా ముందు!"

నలభై ఏళ్ళుగా ఉప్పు అమ్ముతున్నాను. జలగ మీద చల్లితే కరుగుతుంది, కలుపు మీద చల్లితే మాడుతుంది. మాయకుక్క మీద చల్లి ఎప్పుడూ చూడలేదు. చూడడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. దోసిలి నిండా తీసి దాని ముఖాన కొట్టాను. కాలిన పెనం మీద నీళ్ళు పడ్డట్టు చుయ్యిమంది. పొగ గడ్డకట్టి బూడిదై రాలింది. ఇనుప పళ్ళు గలగలమంటూ రాళ్ళ మీద దొర్లాయి.

రెండోదాన్ని బుడ్డప్ప అదే వైద్యంతో ముగించాడు. మూడోది మాత్రం మనుషుల జోలికి రాలేదు. ఎద్దుల కాళ్ళ సందుల్లోంచి పాములా జారుకుంటూ చివరి నాలుగు ఎద్దుల దగ్గరికి వెళ్ళి, తిత్తులు ఒక్కొక్కటే చీల్చి, గోడ ఎక్కి మాయమైంది. ఎనిమిది తిత్తుల నీళ్ళు భళ్ళున కారాయి. ఎర్రమట్టి గుటకలు వేస్తూ తాగేసింది.

"పోతే పోయాయి, నీళ్ళేగా! మనుషులు మిగిలారు" అన్నాడు బుడ్డప్ప, చెమట తుడుచుకుంటూ.

ఆ నీళ్ళు లేకపోతే మనుషులు మిగలరని వాడికి తెలియదు.

*

ధూమగిరిలో పొద్దు పొడవగానే మనిషిని నిలబెట్టి, వెనక పొడుగ్గా పడిన నీడను మడమ దగ్గర కత్తితో కోస్తాడు భస్మాక్షుడు. నెత్తురు రాదు. మడమ దగ్గర కాస్త చలి వేస్తుందట, అంతే. ఆ తరవాత ఆ మనిషికి సొంత ఇష్టమంటూ ఉండదు. తవ్వమంటే తవ్వుతాడు. తల్లిని కొట్టమంటే కొడతాడు. అందుకే నీడ దక్కినవాళ్ళు పారిపోతున్నారు.

పారిపోవడానికి ఉన్నది ఒకే దారి. ముందు తామ్రపురి రాజ్యం, నేలంతా ఎరుపు. దాని అవతల, ఎల్లేరు అనే నదికి ఆవలి గట్టున మేచకదేశం, నేలంతా నలుపు. పదేళ్ళ కిందట ఈ రెండు రాజ్యాలూ కలిసి తొలిఅడుగు ఒప్పందం రాసుకున్నాయి. శరణు కోరి వచ్చినవాడి అడుగు ఏ నేల మీద మొదట పడితే ఆ రాజ్యమే వాణ్ణి కాపాడాలి. రెండో రాజ్యానికి వస్తే వెనక్కి పంపాలి. రాసిన రోజున అది సరైన తూకమే. బరువు ఇద్దరూ పంచుకోవాలి, ఒకడు ఇంకొకడి మీదికి తోసెయ్యకూడదు. కాని ఆ తరవాత తామ్రపురి రాజు భస్మాక్షుడికి భయపడ్డాడు. వచ్చినవాళ్ళను చేతులు కట్టి ధూమగిరికే తిప్పి పంపడం మొదలుపెట్టాడు. మేచకరాజు చూస్తూ ఊరుకున్నాడు. అడిగితే "ఒప్పందం ఉంది కదా" అన్నాడు. తామ్రపురిలో ధర్మం పోయింది, కాగితం మిగిలింది.

మేచకం సరిహద్దు వాకిలిని పళ్ళెం గవిని అంటారు. అక్కడ వచ్చినవాళ్ళ కాళ్ళు ఇత్తడి పళ్ళెంలో పెట్టి కరక్కాయ కషాయం పోస్తారు. తామ్రపురి మట్టిలో ఇనుము ఉంది. ఒక్కసారి తొక్కితే చర్మంలోకి ఇంకుతుంది, నలభై రోజులు ఎంత తోమినా పోదు. దాని మీద కరక్కాయ నీళ్ళు పడితే కాళ్ళు సిరాలో ముంచినట్టు నల్లబడతాయి. చెప్పులు వేసుకుంటే చెప్పులూ కడుగుతారు, గుడ్డ చుట్టుకుంటే గుడ్డా కడుగుతారు. ఆ కరక్కాయలు గవినికి అమ్మేది నేనే. కనక మోసం కుదరదని నాకే బాగా తెలుసు.

మోసం కుదరనప్పుడు నిజాయితీగానే దాటించాలి. నేల తాకకుండా దాటిస్తే? ధూమగిరి గడ్డ మీద ఎద్దు ఎక్కించి, మేచకం గడ్డ మీద దించితే? ఎద్దు కాళ్ళు ఎవరూ కడగరు. మజిలీలో దించాల్సి వస్తే ఉప్పు బస్తాలు పరిచి వాటి మీదే దించాను. నాలుగు రోజులుగా ఒక్క బొటనవేలు ఎర్రమట్టిని తాకలేదు.

ఇక నీళ్ళ సంగతి. ధూమగిరి జనానికి ఒక ఆచారం ఉంది. పరాయి నేల నీళ్ళు తాగితే ఆ నేల దాటేలోగా వట్టి కాళ్ళతో దిగి మొక్కాలి. నేలమొక్కు అంటారు. గుంపులో పెద్దదిక్కు ఒక్కరు మొక్కినా అందరి తరఫునా తీరుతుంది. అసలు మొక్కకుండా మాత్రం వెళ్ళరు, తల తీసినా వెళ్ళరు. అందుకే నాలుగు రోజులకు సరిపడా ధూమగిరి బావి నీళ్ళే మోయించాను.

ఈ ఎత్తు మొత్తం నాకు కాక ఇంకొక్కడికే తెలుసు. వాడు పళ్ళెం గవిని దళవాయి సింగన. నా ఉప్పుతమ్ముడు.

పదేళ్ళ కిందట ఎల్లేటి వరదలో పదిమంది ఎక్కిన పడవ మునగబోయింది. అందరూ మూటలు పట్టుకుని ఏడుస్తున్నారు. నేను నా బస్తా ఎత్తి నీళ్ళలోకి విసిరాను. పడవ తేలింది. అందులో వట్టి కాలిబంటుగా ఉన్న సింగన ఒడ్డున దిగగానే నా కాళ్ళ మీద పడ్డాడు. మా బేహారుల పద్ధతిలో ఒక ఉప్పుగల్లు తీసుకుని ఇద్దరం నాకి, రెండుగా విరిచి, చెరో సగం తలపాగాలో కట్టుకున్నాం. ఉప్పుతమ్ముడంటే ఒక తల్లి బిడ్డకన్నా ఎక్కువ.

*

ఎండ ఎక్కింది. కనుమ దాటాక తామ్రపురి మైదానం నిప్పు పెట్టిన కుమ్మరి ఆవంలా కాగిపోతోంది. ఎర్రదుమ్ము లేచి మోదుగు పూసినట్టు ఆకాశమంతా కమ్ముకుంది. దూరాన ఎల్లేరు వెండి తీగలా మెరుస్తోంది. దాని అవతల కాటుక దిద్దినట్టు నల్లని నేల, నేల మీద తెల్లగా విచ్చిన పత్తి, పత్తి వెనక గవిని బురుజులు, బురుజుల మీద నెమలికంఠం రంగు జెండాలు. చూస్తే అరచేతి దూరం. నడిస్తే ఇంకా ఆమడ.

ఎద్దుల మీద జనం నాలుకలు బయటపెట్టారు. చెన్నాంబ అనే పడుచు ఇల్లాలు కళ్ళు తేలేసి పక్కకి ఒరిగింది. ఆమె వెనకెద్దు మీద కూర్చున్న సూరమ్మవ్వ చెయ్యి చాపి పట్టుకుంది. అవ్వకు డెబ్బై దాటాయి. బొంతలు కుట్టి బతుకుతానని చెప్పింది. కొప్పులో ఎముకసూది ఎప్పుడూ ఉంటుంది.

"పడకే పిల్లా, కింద పరుపు లేదు. అంతా మట్టే" అంది అవ్వ.

సరిగ్గా అప్పుడే ఎదురుగా దుమ్ములోంచి నలుగురు కావడివాళ్ళు వచ్చారు. కావళ్ళలో నల్లమట్టి కుండలు. కుండల మూతులకు తడిగుడ్డ, గుడ్డ మీద నల్లమట్టి ముద్ర, ముద్రలో మేచకం నెమలి.

"కామిసెట్టిగారు తమరేనా? మా దళవాయి పంపాడండి. మేచకం బావి నీళ్ళు. 'మా నేల మీదికి వచ్చాకే మొక్కించమను అన్నని' అని చెప్పమన్నాడండి."

నా గుండె పొంగింది. ఉప్పుతమ్ముడంటే వీడు! అడక్కుండానే అవసరం పసిగట్టాడు. అయినా నేను నేనే. ప్రతి కుండా గోటితో కొట్టి చూశాను. మట్టి మేచకానిదే. ముద్ర చూశాను. చెదరలేదు. తలాడించాను. అందరూ కడుపారా తాగారు. చెన్నాంబ లేచి కూర్చుంది. ఒక కుండ సగం మిగిలితే అవ్వ ఒళ్ళో పెట్టుకుంది. కావడివాళ్ళు వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయారు.

సరుకు కొనేటప్పుడు బస్తా మూతి చూసి మోసపోకు, చెయ్యి పెట్టి అడుగున చూడు అని మా నాన్న వెయ్యిసార్లు చెప్పాడు. నేను కుండ చూశాను. నీళ్ళు చూడలేదు.

*

మధ్యాహ్నం వాలేసరికి ఎల్లేటి ఎర్రగట్టుకు చేరాం. ముందు రాతి వంతెన. వంతెన మధ్యలో ఒక పక్కగా, నదిలోంచి ఏనుగు వీపులా లేచిన నల్లరాయి. దాన్ని ఎవరిదీకానిబండ అంటారు. రెండు రాజ్యాల కొలతగాళ్ళూ దాన్ని తమ లెక్కలో వేసుకోలేదు. వంతెన చివర పళ్ళెం గవిని.

"సెట్టీ, ఎద్దుని ఆపు" అంది సూరమ్మవ్వ.

వంతెన ఇంకా పది బారల దూరంలో ఉంది.

"ఏమైందవ్వా? వచ్చేశాం."

అవ్వ ఒళ్ళో కుండ వంచి చూపించింది. నీళ్ళు అయిపోయాయి. అడుగున వేలెడు మందాన మడ్డి పేరుకుంది. కుంకుమలా ఎర్రగా ఉంది.

"ఇవి నల్లనేల నీళ్ళు కావు నాయనా. ఈ నేలవే."

కావడివాళ్ళు బద్ధకించారు, అనుకున్నాను. అంతదూరం మోయలేక దారిలో ఒంపుకుని ఇక్కడి బావిలో నింపి ఉంటారు. సింగనకు చెప్పి వాళ్ళ వీపులు చీరించాలి.

"తెలియక తాగారవ్వా. తెలియకపోతే తప్పు లేదు."

"ఇప్పుడు తెలిసిందిగా."

"గవిని దాటాక అటు గట్టు నుంచి దణ్ణం పెట్టు."

"అన్నం పెట్టిన ఇల్లాలికి వీధి చివరికెళ్ళి కేకేసి చెప్తావా నువ్వు?"

"మిమ్మల్ని చేతులు కట్టి రాక్షసుడికి అప్పజెప్పే నేల ఇది! దీనికి మొక్కేంటి?"

"కట్టేసేది రాజు. నీళ్ళిచ్చింది నేల." అవ్వ కాళ్ళు ఒక పక్కకి తెచ్చుకుంది. "ఇద్దరినీ ఒకే గంపలో వెయ్యకు. సెట్టివి, ఆ మాత్రం వేరు చెయ్యలేవా?"

"అవ్వా, నేను దిగుతా" అని కదిలింది చెన్నాంబ.

"నీ కాళ్ళు ఇంకా చాలా దూరం నడవాలే. నోరు మూసుకు కూర్చో. పెద్దదిక్కు ఉండగా పిల్లలెందుకు?"

నేను చెయ్యి అడ్డం పెట్టాను. తన ముసలిచేత్తోనే అవ్వ దాన్ని చీపురుపుల్లలా పక్కకి తోసి దిగింది. వట్టి కాళ్ళు ఎర్రమట్టిలో దిగబడ్డాయి. వంగి నేలను తాకి కళ్ళకద్దుకుంది. "తల్లీ, పద్నాలుగు గొంతులు తడిపావు. చల్లగా ఉండు" అంది. అంతే. మళ్ళీ ఎద్దు ఎక్కించమని బుడ్డప్ప వైపు చూసింది.

వాడు ఎక్కిస్తూ ముక్కు చీదాడు. "దుమ్ము పడింది సామీ, ఏడుపు కాదు" అన్నాడు నేను అడక్కుండానే.

నేను మాత్రం గుండె దిటవు చేసుకున్నాను. గవిని దగ్గర ఉన్నది పరాయివాడు కాదు. ఒక్క ముసలమ్మ పాదం మీద కషాయం పడకుండా చెంబు కాస్త పక్కకి వంచమంటే నా తమ్ముడు వంచడా?

*

పళ్ళెం గవిని ఇత్తడి తలుపుల మీద ఇరవై నెమళ్ళు పురి విప్పి నిలబడ్డాయి. ఒక్కొక్క పురిలో వంద నీలాలు. ఆ నీలాల కాంతి పడి కింద నిలబడ్డ భటుల ముఖాలు చచ్చినవాళ్ళ ముఖాల్లా కనిపిస్తున్నాయి. తలుపుల ముందు రాతి అరుగు, అరుగు మీద బండి చక్రమంత ఇత్తడి పళ్ళెం. పక్కన ఎత్తుపీట మీద సింగన. తలపాగాలో ఉప్పుగల్లు ముడి అలాగే ఉంది.

"రా అన్నా! ప్రయాణం సుఖంగా సాగిందా?"

"నువ్వు నీళ్ళు పంపాక సుఖానికేం తక్కువ తమ్ముడూ? కాకపోతే నీ కావడివాళ్ళు..."

"తరవాత మాట్లాడుకుందాం. ముందు పని కానీ."

ఒక్కొక్కరే ఎద్దు మీంచి నేరుగా పళ్ళెంలోకి దిగారు. కషాయం పోశారు. చెన్నాంబ కాళ్ళు తెల్లగానే ఉన్నాయి. ఆమె అన్న కాళ్ళు తెల్లగానే ఉన్నాయి. పదమూడు మంది వరస దాటారు. పాదశోధకుడు ప్రతిసారీ "శుద్ధం" అని అరిచాడు. ప్రతి అరుపుకీ ఒకరు నల్లనేల మీద కూలబడి దాన్ని ముద్దు పెట్టుకున్నారు. ఇంత జరుగుతున్నా సింగన ఒక్కరి కాళ్ళ వైపూ చూడలేదు. గోళ్ళు చూసుకుంటున్నాడు.

చివరికి అవ్వ ఎద్దు వచ్చింది. సింగన లేచి నిలబడ్డాడు. అతని వెనకనుంచి ఇద్దరు భటులు తాడు పట్టుకుని ముందుకు వచ్చారు.

అవ్వ ఇంకా ఎద్దు మీదే ఉంది. చెంబులో కషాయం చెంబులోనే ఉంది. నీళ్ళు పొయ్యకముందే తాడు వచ్చింది.

నా బుర్రలో విడివిడిగా పడి ఉన్న గింజలన్నీ ఒక్కసారిగా ఒక రాశిగా పోగయ్యాయి. మూడో కుక్క మనుషుల్ని వదిలి తిత్తులే ఎందుకు చీల్చింది? తిత్తులు చిరిగిన సంగతి తెలియని సింగన, ఒక్క పూటలో కావళ్ళు ఎలా పంపాడు? మేచకం నుంచి వచ్చిన కుండల్లో ఎర్రనీళ్ళు ఎందుకున్నాయి? నేలమొక్కు సంగతి, దాన్ని గుంపులో పెద్దదిక్కే తీరుస్తుందన్న సంగతి వాడికి చెప్పింది ఎవరు?

నేనే. మూడు నెలల కిందట, ఇదే అరుగు మీద కూర్చుని, నా తెలివికి నేనే మురిసిపోతూ.

కషాయం పోశారు. అవ్వ పాదాలు చీలమండల దాకా నేరేడుపండులా నల్లబడ్డాయి.

"అశుద్ధం. తొలి అడుగు తామ్రపురిది" అన్నాడు పాదశోధకుడు.

"సింగనా" అన్నాను. తమ్ముడూ అనడానికి నోరు రాలేదు. "బొంతలు కుట్టుకునే ముసలమ్మతో నీకేం పగ?"

"బొంతలా!" సింగన నవ్వాడు. "అన్నా, ఈమె నీకు చెప్పలేదా? కోసిన నీడను తిరిగి మనిషికి కుట్టగలిగినది ధూమగిరిలో ఈమె ఒక్కతే. భస్మాక్షుడు వెతుకుతున్నది నీ పద్నాలుగు మంది కోసం కాదు. ఈ ఒక్క సూది కోసం."

నేను అవ్వ వైపు తిరిగాను. "నాకు చెప్పలేదే?"

"చెప్తే నీ ఎద్దు ఎక్కనిచ్చేవాడివా సెట్టీ?"

నిజం చెప్పాలంటే, ఎక్కనిచ్చేవాణ్ణి కాదు.

"ఇందులో నీకు పోయేదేం లేదన్నా" అన్నాడు సింగన, గొంతు తగ్గించి. "ఉప్పు మీద ఒట్టు నేను మరవలేదు. నీ వెంట్రుక కూడా తాకను. పదమూడు మందిని ఒప్పందం ప్రకారం లోపలికి తీసుకున్నా. ఈమె అటు వెళ్తే కుక్కల్ని ఏరు దాటించనని భస్మాక్షుడు మా రాజుకి మాట ఇచ్చాడు. నువ్వే చూపించావు కదా ఆ రోజు. పడవ మునుగుతుంటే ఒక బస్తా విసిరేస్తే అందరూ తేలతారు. నేను చేస్తున్నదీ అదే."

"ఆ రోజు నేను విసిరింది నా బస్తా" అన్నాను. "పక్కవాడి మూట మీద చెయ్యి వెయ్యలేదు."

సింగన కళ్ళు ఒక్క క్షణం కిందికి వాలాయి. తరవాత చెయ్యి ఊపాడు. భటులు అవ్వ చేతులకు తాడు వేసి వంతెన మీదికి నడిపించారు. చెన్నాంబ "అవ్వా!" అని కేక పెట్టి పరుగెత్తబోతే బల్లేలు అడ్డం పడ్డాయి. నల్లనేల మీద నిలబడ్డ పదమూడు మందికీ తమ కాళ్ళు ఎవరి కాళ్ళ వల్ల తెల్లగా ఉన్నాయో అప్పుడు అర్థమైంది.

ఎదురుగా ఎర్రగట్టు మీద దుమ్ము లేచింది. దుమ్ములోంచి నలుగురు మనుషులు వచ్చారు. ఎండ ఏటవాలుగా పడుతున్నా వాళ్ళ కాళ్ళ దగ్గర నీడ లేదు. వాళ్ళ చేతుల్లో గొలుసులు, గొలుసుల చివర రెండు పొగకుక్కలు.

"ఈ రాత్రికి ఎద్దుల్ని ఇటే మేపుకో అన్నా. రేపు మాట్లాడుకుందాం" అంటున్నాడు సింగన వెనకనుంచి.

నేను అప్పటికే వంతెన మీద నడుస్తున్నాను. వీడ్కోలు చెప్పడానికి వెళ్తున్నవాడిలా చేతులు జోడించుకుని వెళ్ళాను. భటులు దారి ఇచ్చారు. ముసలి బేహారి, బొజ్జ, చేతిలో కర్ర కూడా లేదు. ఎవడు అనుమానిస్తాడు? సరిగ్గా వంతెన మధ్యకు వచ్చాక అవ్వ నడుం పట్టుకుని, ఒక భటుణ్ణి భుజంతో గుద్ది, పిట్టగోడ మీంచి బండ వైపు దూకేశాను.

"సెట్టిగారూ!" బుడ్డప్ప కేక వినబడింది. "నీకు ఈత రాదు సామీ!"

ఆ సంగతి నీళ్ళు ముక్కులోకి పోయాక నాకూ గుర్తొచ్చింది. రాతికి మోకాలు తగిలింది, చిప్ప పగిలినంత పనైంది. ఏదో చేతికి దొరికింది, పట్టుకున్నాను. అది అవ్వ చెయ్యి. నాకంటే ముందే ఆమె బండ మీదికి ఎక్కి కట్టిన చేతులతోనే నన్ను లాగుతోంది.

"దూకేముందు చెప్పొచ్చుగా. ఊపిరి పట్టుకునేదాన్ని" అంది.

ఎవరిదీకానిబండ మీద పడి దగ్గాను. నల్లగట్టున విలుకాండ్రు బాణాలు ఎక్కుపెట్టారు. "వెయ్యకండి! ముసలిది ప్రాణాలతో కావాలి!" అని అరిచాడు సింగన. ఏ రాజ్యానిదీ కాని రాయి మీద ఎవరి భటుడూ అడుగు పెట్టకూడదు. అదీ ఒప్పందంలోని మాటే. కాని కుక్కలు ఒప్పందం మీద వేలిముద్ర వెయ్యలేదు. ఎర్రగట్టున గొలుసులు విప్పారు.

మొదటిది నీళ్ళ మీద పొగలా పాకుతూ వచ్చి బండ అంచున పళ్ళు బిగించింది. నడుం తడుముకున్నాను. ఉప్పు బస్తాలన్నీ ఎద్దుల మీదే ఉండిపోయాయి. చెయ్యి తలపాగాలోకి పోయింది. తడిసిన ముడిలో ఉప్పుగల్లు సగం ఇంకా కరగలేదు. ముడి విప్పి, గట్టు మీద నిలబడ్డ సింగనకు కనపడేలా ఎత్తి, కుక్క నోట్లోకి విసిరాను. చుయ్యిమంది. ఇనుప పళ్ళు ఏట్లో మునిగాయి.

పదేళ్ళు నెత్తిన మోసిన అన్నదమ్ముల ఒట్టు ఒక కుక్కకు సరిపోయింది.

రెండో కుక్క నీళ్ళలోకి దిగలేదు. గట్టు వెంట అటూ ఇటూ తిరుగుతూ ఊళ వేసింది. ఆ ఊళకి తొర్రికనుమ వైపు నుంచి జవాబుగా పది ఊళలు వినబడ్డాయి. పైన కొండల్లో వాన పడినట్టుంది, ఏరు ఎర్రగా పొంగుతోంది. చూస్తుండగానే బండ అంచు బెత్తెడు మునిగింది.

"సెట్టీ, లేచి నిలబడు" అంది అవ్వ. పళ్ళతో తాడు తెంపుకుని కొప్పులోంచి ఎముకసూది తీసింది. చీర కొంగు అంచునుంచి సన్నని వెండిదారం లాగింది.

లేచి నిలబడ్డాను. పొద్దు నా వెనక పడమట వాలుతోంది. నా నీడ బండ మీంచి సాగి, నది పారే దిక్కున నీళ్ళ మీదుగా పడి, దిగువన జమ్ముదిబ్బ దాకా పాకింది. ఆ దిబ్బ అటు గట్టుదీ కాదు, ఇటు గట్టుదీ కాదు.

"నీడను నీళ్ళకు కుట్టేస్తే దాని మీద నడిచి ఆ దిబ్బకు చేరొచ్చు" అంది అవ్వ. "నా నీడ చాలదు, వంగిపోయాను. నీదే కావాలి. కాని కుట్టాలంటే ముందు కొయ్యాలి."

"కోస్తే?"

"అటు చేరేదాకా నీ ఇష్టం నీది కాదు. నేను చెప్పినట్టు నడుస్తావు. చేరాక తిరిగి నీకు కుడతా." దారం వేలికి చుట్టి చూసుకుంది. "దారం సరిపోతే."

"సరిపోకపోతే?"

"అబద్ధం చెప్పమంటావా?"

నల్లగట్టున సింగన అరుస్తున్నాడు. "అన్నా! ఆ మంత్రగత్తె మాట నమ్మకు! నువ్వొక్కడివే రా, పగ్గం విసురుతా! నీకు నేనున్నా!" నిజంగానే పగ్గం విసిరాడు. అది బండ మీద నా కాళ్ళ పక్కన వచ్చి పడింది. మేచకం జనపనార పగ్గం, మూడు పేటల పురి. పట్టుకుంటే ఏనుగునైనా లాగుతుంది. ఎంత గట్టి సరుకో చూడగానే చెప్పగలను.

పొద్దున కుండ చూసి నీళ్ళు నమ్మాను. ఈసారి పగ్గం చూసి నమ్మలేదు. కిందికి, అవ్వ పాదాల వైపు చూశాను. చీలమండల దాకా కరక్కాయ నలుపు. తప్పించుకునే దారి పది బారల దూరంలో ఉండగా, ఎవరూ చూడని చోట, ఎవరూ అడగని మొక్కు తీర్చుకున్న కాళ్ళు అవి.

పగ్గాన్ని కాలితో ఏట్లోకి తోసి, మడమ ఆమె వైపు చాపాను.

"కానీ అవ్వా."

వెనక నీళ్ళలో ఏదో దుమికిన చప్పుడైంది, ఒకటి కాదు, చాలా. తిరిగి చూడబోయాను. అప్పుడే మడమ దగ్గర చలి వేసింది.